గణితోపాసకుడు ఆశుతోష ముఖర్జీ

గణితాభ్యాసమునకు కాగితము, కలము, ఏకాంతము ఉన్న చాలునని పలువురు తలంతురు. కాని ఒకడు కనుగొన్న సత్యమును పరీక్షించు తోటివారును, దానిని ప్రకటించు పత్రికయు, ముందుతరమునకు అందించు గురుపీఠమును లేనిచో ఆ సత్యము అతనితోనే మరుగున పడును. గణితవిద్య వ్యక్తుల ప్రతిభచే పుట్టి పరంపరచే పెరుగును. ఈ విషయమును జీవితమున అనుభవించి తెలిసికొనిన మహనీయుడు సర్ ఆశుతోష ముఖర్జీ.

ఆయన 1864 జూన్ 29వ తేదీన కలకత్తాలో, అనగా నేటి కోల్‌కతాలో, బౌబజారునందు జన్మించెను. తండ్రి గంగాప్రసాద్ వైద్యుడు, తల్లి జగత్తారిణీదేవి. భవానీపూరులో విద్యాభ్యాసము ముగించి, ఆ బాలుడు 1880లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. మరుసటి యేడే, యూక్లిడ్ ప్రథమ గ్రంథమందలి ఇరువదియైదవ సిద్ధాంతమునకు ఆయన కూర్చిన క్రొత్త ఉపపత్తి ఇంగ్లండులోని ఒక గణితపత్రికయందు అచ్చుపడెను. 1885లో గణితమునందును, 1886లో భౌతికశాస్త్రమునందును ఎం.ఏ. పట్టములు పొంది, ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ విద్యార్థివేతనమును గడించెను.

ఒక వక్రరేఖాసముదాయమును ఎల్లెడల ఒకే కోణముతో ఖండించుచు పోవు రేఖ ఎట్టిది? ఏకనాభి దీర్ఘవృత్తముల విషయమున ఈ ప్రశ్నకు ఇటలీ గణితజ్ఞుడు మైనార్డి ఇచ్చిన సమాధానము మిక్కిలి జటిలముగా నుండెను. 1887లో ఆశుతోషుడు దానిని సరళమొనర్చి, అందలి జ్యామితీయార్థమును వెల్లడించెను. ఫోర్సైత్ తన అవకలన సమీకరణముల గ్రంథమున ఈ ఫలితమును చేర్చుకొనెను.

జీవితమంతయు ఈ పరిశోధనకే అర్పింపవలెనని ఆయన కోరిక. అందులకు తావెక్కడ? 1857లో స్థాపితమైన కలకత్తా విశ్వవిద్యాలయము ఆ దినములలో పరీక్షలు జరిపి పట్టములిచ్చుటతో సరిపెట్టుకొనుచుండెను. పరిశోధకులకు పీఠములు లేవు. ఉపాధ్యక్షుడు గురుదాస్ బెనర్జీ ఆయన కొరకు ఒక పీఠమును నెలకొల్ప యత్నించెను గాని ధనము చేకూరలేదు. ప్రభుత్వ కళాశాలలో ఉద్యోగము లభింపవచ్చెను. ఐరోపీయులతో సమానమైన హోదా, వేతనములు లేవని తెలిసి ఆయన నిరాకరించెను. తుదకు 1888లో న్యాయవాదవృత్తిని అవలంబించి, 1904లో హైకోర్టు న్యాయమూర్తియయ్యెను. గణితవ్యాసములు క్రమముగా ఆగిపోయెను.

తనకు దక్కనిది మరియొకరికిని దక్కకపోవుట ఆయనకు సమ్మతము గాలేదు. 1906లో విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడైన పిదప, 1904 నాటి చట్టము విశ్వవిద్యాలయములకు ప్రసాదించిన బోధనాధికారమును ఆయన ఆచరణలో పెట్టెను. 1908 సెప్టెంబరు 6వ తేదీన కలకత్తా గణితసంఘమును స్థాపించి, మరణపర్యంతము దానికి అధ్యక్షుడుగా నుండెను. 1909లో వెలువడిన ఆ సంఘపత్రిక తొలి సంపుటమునందే శ్యామదాస్ ముఖోపాధ్యాయ రచించిన వ్యాసము ప్రకటితమయ్యెను. నునుపైన అండాకార రేఖ నేది తీసికొనినను, వక్రత హెచ్చుట మాని తగ్గనారంభించు, లేదా తగ్గుట మాని హెచ్చనారంభించు బిందువులు నాలుగింటికి తక్కువ యుండవని ఆయన నిరూపించెను. చతుశ్శీర్ష సిద్ధాంతమను పేర అది నేటికిని ప్రపంచమంతట బోధింపబడుచున్నది.

1912లో తారక్‌నాథ్ పాలిత్, 1913లో రాస్‌బిహారీ ఘోష్ ఇచ్చిన విరాళములు కలిసి ఇరువది లక్షల రూపాయలకు మించెను. ఆ ధనముతో ఏర్పడు పీఠములను భారతీయులే అలంకరింపవలెనని నియమము. 1914లో విజ్ఞానకళాశాలకు శంకుస్థాపన జరిగెను. అనువర్తిత గణితమున తొలి ఘోష్ ఆచార్యుడు గణేశ్‌ప్రసాద్. 1916లో అదే శాఖయందు ఉపన్యాసకులుగా చేరిన యువకులు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. పిదప వారు భౌతికశాస్త్రమునకు మరలిరి. ఐన్‌స్టీన్ సాపేక్షతావ్యాసములకు వారొనర్చిన ఆంగ్లానువాదమును విశ్వవిద్యాలయమే 1920లో ప్రచురించెను. విశాఖపట్టణమున బాల్యము గడపిన సి.వి. రామన్‌ను పాలిత్ పీఠమునకును, ఆంధ్రుడైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1921లో తత్త్వశాస్త్రపీఠమునకును రప్పించినవాడు ఆశుతోషుడే.

ఆయన 1921లో మరల ఉపాధ్యక్షుడయ్యెను. 1923లో ప్రభుత్వము తన షరతులకు లోబడినచో ఆ పదవిని కొనసాగింతుమనగా, విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యమును విడువనొల్లక పదవినే విడిచెను. న్యాయమూర్తి పదవినుండియు విరమించి, ఒక వ్యాజ్యము నిమిత్తము పాట్నా వెళ్లి, 1924 మే 25వ తేదీన అచట దివంగతుడయ్యెను. ఆయన సేకరించిన ఎనుబది వేలకు పైబడిన గ్రంథములు తరువాత కలకత్తా జాతీయగ్రంథాలయమునకు చేరినవి.

ఆ సంవత్సరముననే సత్యేంద్రనాథ్ బోస్ రచించిన వ్యాసము ఐన్‌స్టీన్ చేతిమీదుగా జర్మనీలో వెలువడి, భౌతికశాస్త్రమున నూతనాధ్యాయమునకు నాంది పలికెను. అరువదియేండ్లు నిండకమునుపే కన్నుమూసిన ఆశుతోషుడు దానిని చూడలేదు. యౌవనమున తాను వెదకి కానని ఆసనమును ఇతరుల కొరకు సిద్ధపరచుటయే ఆయన గణితోపాసనకు ఫలశ్రుతి.