సెలవు దొరకని కెప్టెన్

టోర్నమెంటుకి వెళ్లాలని ఓడీ లెటర్ పట్టుకుని హెచ్‌ఓడీ గది ముందు నిలబడ్డవాళ్లకి జైపాల్ సింగ్ ముండా కథ ఇట్టే అర్థమవుతుంది.

ఆయన 1903లో రాంచీ దగ్గర, ఖుంటి ప్రాంతంలోని టక్రా అనే ముండా ఆదివాసీ పల్లెలో పుట్టారు. రాంచీ సెయింట్ పాల్స్ బడిలో ఆయన చురుకుదనం చూసి ప్రిన్సిపాల్ ఇంగ్లండు తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూనే యూనివర్సిటీ జట్టుకి హాకీ ఆడారు. తర్వాత ఐసీఎస్‌కి ఎంపికయ్యారు. ఆ రోజుల్లో దానికి మించిన ఉద్యోగం లేదు.

సరిగ్గా శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ వచ్చాయి. మన హాకీ జట్టుకి అవే మొదటి ఒలింపిక్స్, కెప్టెన్ ఈయన. సెలవు అడిగారు. ఇవ్వలేదు. వెళ్లిపోయారు! అప్పటి హాకీ పూర్తిగా అమెచ్యూర్ ఆట, జీతాలూ కాంట్రాక్టులూ ఏమీ లేవు.

అక్కడ ఐదు మ్యాచ్‌ల్లో మనవాళ్లు 29 గోల్స్ కొట్టారు, ఒక్కటీ ఇవ్వలేదు. అందులో 14 ధ్యాన్‌చంద్‌వే. అయితే హాలెండ్‌ని 3-0తో ఓడించిన ఫైనల్లో కెప్టెన్ లేరు. మధ్యలోనే జట్టు నుంచి తప్పుకున్నారు, పిన్నిగర్ నడిపించారు.

తిరిగొచ్చాక శిక్షణ ఇంకో ఏడాది చెయ్యమన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదిలేశారు. నన్నడిగితే ఇదే అసలు తెగింపు. ఒలింపిక్స్‌కి ఉత్సాహంలో ఎవరైనా పరిగెత్తొచ్చు, ఇది చల్లగా ఆలోచించుకుని చేసిన పని.

ఆ తర్వాత కలకత్తాలో కంపెనీ ఉద్యోగం. మోహన్ బగాన్ అంటే మనకి ఫుట్‌బాలే గుర్తొస్తుంది కానీ, 1929లో ఆ క్లబ్బుకి హాకీ జట్టు కట్టింది ఈయనే. బెంగాల్ హాకీ సంఘానికి కార్యదర్శిగానూ పనిచేశారు. కొన్నాళ్లు ఇప్పటి ఘనాలో పాఠాలు చెప్పారు.

1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యారు. రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున గట్టిగా వాదించారు. మద్యనిషేధం మాట వచ్చినప్పుడు, బియ్యంతో చేసే కల్లు తమవాళ్ల పూజల్లో భాగమని అడ్డుచెప్పారు. 1952 ఎన్నికల్లో ఆయన జార్ఖండ్ పార్టీకి బీహార్ అసెంబ్లీలో 32 సీట్లొచ్చాయి. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఐసీఎస్ దగ్గర చూపించిన పట్టు ఇక్కడ ఎందుకు సడలిందా అనిపిస్తుంది.

1970లో పోయారు. కోరుకున్న జార్ఖండ్ 2000లో వచ్చింది. 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్లిన మన మహిళా హాకీ జట్టులో నిక్కీ ప్రధాన్ ఉంది. ఆ అమ్మాయిదీ ఖుంటి జిల్లాయే.