ఫోర్డును మోటారు వర్తకులును

హెన్రీ ఫోర్డు పేరు విననివారు మన పట్టణములలోనే కాదు, పల్లెలలోను అరుదు. ఆయన చరిత్ర వ్రాసినవారందరును యంత్రశాలనే వర్ణించిరి. కదలుచుండెడి పట్టీ మీద బండి అంగాంగముగా రూపొందుట, కూలివానికి దినమునకు 5 డాలర్లిచ్చుట, ధర యేటేట తగ్గుట మొదలగు విషయములు పాఠశాల పుస్తకములకును ఎక్కినవి. అయితే తయారైన బండి యెవరి చేతి మీదుగా కొనువాని యింటికి చేరెను? తయారయ్యు అమ్ముడుపోని బండి యెవరి నెత్తిన పడెను? ఈ ప్రశ్నలను వేసినవారు కొలదిమంది. మేమిక్కడ ఫోర్డు జీవితమును యంత్రశాలనుండి గాక వర్తకుని అంగడి అరుగుమీదనుండి చూడదలచితిమి. ఎరువులకో, పంపులకో, ట్రాక్టరులకో, మోటారుబండ్లకో ఏజెన్సీ పుచ్చుకొని, పొలము తాకట్టుపెట్టి సరకు దింపుకొన్న వారు మన పాఠకులలో లేకపోలేదు గనుక ఇది వారికి పరాయికథ కానేరదు.

ఫోర్డు 1863 జూలై 30వ తేదీన అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున, డియర్‌బరన్ సమీపమందొక రైతుయింట జన్మించెను. తండ్రి విలియం ఐర్లండునుండి వలసవచ్చిన వాడు. కుమారునికి సేద్యమునందు బొత్తిగా ఇష్టము లేదు. దున్నుటయందు పడు పాటు నంతటిని యంత్రము చేత చేయింపరాదా యన్నదే బాల్యమునుండి ఆతని చింత. పదునారవ యేట డెట్రాయిటు నగరమునకు పోయి యంత్రశాలలలో పని నేర్చెను. 1891లో ఎడిసన్ దీపముల కంపెనీలో ఉద్యోగమున ప్రవేశించెను. 1896 జూన్ నెలలో నాలుగు సైకిలు చక్రములమీద నడచు బండినొకదానిని చేసి వీథిలోనికి తెచ్చెను. దానిని 200 డాలర్లకు అమ్మి, ఆ సొమ్ముతో మరియొక బండికి పూనుకొనెను. ఆతడు చేసిన మొదటి మోటారు బేరమదియే. మధ్యవర్తి లేడు, అరువు లేదు.

తరువాత కంపెనీలు పెట్టుటలో రెండు మారులు దెబ్బతినెను. 1899లో పుట్టినది రెండేండ్లు నిలువక మూతబడెను. 1901లో పెట్టిన రెండవదానినుండి ఆతడే కొలది నెలలకు వెలుపలికి వచ్చెను. ఆ కంపెనీయే పిమ్మట కాడిలాక్ అను పేర వర్ధిల్లినది. 1903 జూన్ 16వ తేదీన నెలకొన్న ఫోర్డు మోటారు కంపెనీ మూడవది. చేతికి వచ్చిన రొక్కము 28,000 డాలర్లు. నెల తిరుగకమునుపే బ్యాంకిలోని నిలువ 223 డాలర్లకు దిగెను. ఇంతలో చికాగో నగరమునందలి దంతవైద్యుడొకడు 850 డాలర్లు చెల్లించి మొదటి బండిని కొనెను. కంపెనీ బ్రదికెను.

ఎట్లు బ్రదికినదో కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఇంజనులను, చట్రములను డాడ్జి సోదరులు చేసియిచ్చెడివారు. చక్రములు, పైకట్టడము ఇతరుల వద్దనుండి వచ్చెడివి. వీరందరికిని కొంత గడువుమీద సొమ్ము చెల్లించుట ఆ కాలపు వాడుక. బండిని దింపుకొను వర్తకుడన్ననో కొంత సొమ్ము ముందుగాను, మిగిలినది బండి చేరినప్పుడును రొక్కముగా కట్టవలెను. రైలు రసీదుతో గూడిన హుండీ ఊరి బ్యాంకికి వచ్చును. సొమ్ము కట్టిననేగాని రసీదు చేతికందదు. రసీదు లేనిదే స్టేషనులోనుండి బండి కదలదు. మన పత్తివర్తకులకు, మిరపకాయల వర్తకులకు ఈ పద్ధతి కొత్తకాదు. సరకులిచ్చినవారికి బాకీ తీర్చు గడువు రాకమునుపే అమ్మకపు సొమ్ము వచ్చి పెట్టెలో పడుచుండెను. కనుక ఫోర్డు కంపెనీకి నిజమైన పెట్టుబడిదారులు కాగితముమీద వాటాలున్న పన్నిద్దరు మాత్రమే కారు. ఊరూర రొక్కము కట్టిన వర్తకులును వారిలో లెక్కింపదగినవారే. లాభములో మాత్రము వారికి వాటా లేదు. ఈ వ్యవహారమంతయు నడిపినవాడు జేమ్సు కజెన్సు. పైసను కూడ గట్టిగా పట్టుకొను స్వభావము గలవాడు.

1908 అక్టోబరులో మాడల్ టి అను బండి వెలువడెను. నేలకు ఎత్తుగా నుండి, బురదబాటలను, రాళ్లను లెక్కచేయక పోగలిగిన బండి యది. రైతుబిడ్డ రైతులకై చేసినదనిన తప్పులేదు. దానిని పల్లెలకు చేర్చుటకై నార్వల్ హాకిన్సు అను లెక్కల నిపుణుడు అమ్మకముల యధికారియై పెద్ద వల పన్నెను. సైకిళ్లు అమ్మువారు, వ్యవసాయపు పనిముట్లు అమ్మువారు, గుఱ్ఱపుబండ్లు చేయువారు ఏజెంట్లయిరి. ప్రతి ఏజెంటును విడిభాగములు నిలువయుంచవలెను, మరమ్మతుశాల నడుపవలెను, అంగడి శుభ్రముగా నుండవలెను, కొనదలచినవారి పేళ్ల పట్టీ వ్రాయవలెను. తనిఖీదారులు వచ్చి చూచిపోవుచుండిరి. చెడిన బండిని తన ఊరిలోనే బాగుచేయువాడు ఉన్నాడన్న ధైర్యము చేతనే రైతు కొనుటకు సాహసించెను. ఇది వర్తకుని ఘనత. దీనిని చరిత్రకారులు ఫోర్డు ఖాతాలో జమకట్టిరి.

1908లో 850 డాలర్లున్న ధర 1916నాటికి 360 డాలర్లకు దిగెను. 1914లో ఫోర్డు ఒక వింత ప్రకటన చేసెను: రాబోవు సంవత్సరములో 300,000 బండ్లకు మించి అమ్ముడైనచో కొన్న ప్రతివానికిని 50 డాలర్లు తిరిగి యిచ్చునట. అమ్మకము ఆ సంఖ్యను దాటెను, మాట నిలుపుకొనెను. కొనువారియెడ ఇంతటి ఔదార్యము చూపిన వర్తకచరిత్ర మరియొకటి మాకు తోచదు. ఆ ఔదార్యము తన ఏజెంట్లయెడ ఎంతవరకు నిలిచినదో చూడవలెను.

1919లో ఫోర్డు తక్కిన వాటాదారులనందరిని కొనివేసి, కంపెనీకి తన కుటుంబమునే యజమానిగా చేసెను. ఇందుకు 10 కోట్ల డాలర్లకు పైగా వ్యయమయ్యెను. అందు పెద్దభాగము అప్పు. మరుసటి యేడు యుద్ధానంతరపు మాంద్యము వచ్చెను. ధాన్యము ధర పడిపోయెను. రైతు బండి కొనుట మానెను. 1920 సెప్టెంబరులో ఫోర్డు ధరలను ఒక్కసారిగా తగ్గించెను. అంతకుమునుపు పాతధరకు సరకు దింపుకొన్న వర్తకుడు ఆ రాత్రికి రాత్రి నష్టపడెను. అట్లయినను గిరాకి లేవలేదు. 1921 వసంతమునకు చెల్లింపవలసిన బాకీలు, పన్నులు, కార్మికుల బోనసులు కలిపి 5 కోట్ల 80 లక్షల డాలర్లు. చేతనున్నది సుమారు 2 కోట్లు. న్యూయార్కు బ్యాంకులవారు అప్పిచ్చుటకు సిద్ధముగా నుండిరి. వారికి లోబడుట ఫోర్డునకు ప్రాణసంకటము.

ఆతడు డిసెంబరులో కర్మాగారము మూసెను. కచేరీలోని బల్లలను, టెలిఫోనులను గూడ తగ్గించెను. దుర్వ్యయమును నిర్దాక్షిణ్యముగా నరికెను. ఇవన్నియు మెచ్చదగిన పనులే. అయితే నిలువయున్న భాగములనన్నిటిని బండ్లుగా బిగించి, వర్తకులడుగకయే వారి ఊళ్లకు రైలులో పంపెను. వెనువెంట హుండీలు పోయెను. వర్తకుడేమి చేయును? సొమ్ము కట్టనిచో ఏజెన్సీ పోవును. ఏండ్లతరబడి కట్టుకొన్న అంగడి, మరమ్మతుశాల, పేరు అన్నియు దానితోనే పోవును. కట్టుటకు రొక్కము లేదు. కనుక ఊరి బ్యాంకికి పోయి ఇల్లో పొలమో తాకట్టుపెట్టి అప్పు తెచ్చి, మంచులో అమ్ముడుపోని బండ్లను వరుసగా నిలుపుకొనెను. ఫోర్డు పెద్దబ్యాంకుల వద్ద చేయదలపని అప్పును దేశమునందలి వేలకొలది చిన్న బ్యాంకుల వద్ద వర్తకులు తమ పేర చేసిరన్నమాట. ఏప్రిల్ నాటికి కంపెనీ చేతిలో 8 కోట్ల 70 లక్షలకు మించిన డాలర్లు చేరినవి. లోకము ఫోర్డును జయజయధ్వానములతో కొనియాడెను. వసంతమున గిరాకి తిరిగి వచ్చుటచే పలువురు వర్తకులు ఒడ్డున పడిరన్నది నిజమే. రాకపోయినచో మునిగెడివారు మాత్రము ఫోర్డు కాదు.

అదే కాలమున మరియొక భారము వారిమీద పడెను. ఫోర్డు తన యాజమాన్యమున డియర్‌బరన్ ఇండిపెండెంట్ అను వారపత్రికను నడిపి, 1920 మొదలుకొని అందు యూదులపై విషము క్రక్కించెను. ఈ పత్రికకు చందాదారులను చేర్చుటయు మోటారు ఏజెంట్ల విధియే అయ్యెను! బండి కొనవచ్చిన వానికి ద్వేషమును గూడ కట్టియిచ్చుటకు ఒప్పని వర్తకులు బాధపడిరి. 1927లో వ్యాజ్యమునకు జంకి ఫోర్డు క్షమాపణ చెప్పి, పత్రికను మూసెను. ఆతని గొప్పతనమును తలచునప్పుడు ఈ మచ్చను మరువరాదు.

ఇంతలో వ్యాపారమే మారిపోయెను. అంతవరకు బండిలేనివానికి బండి అమ్మిరి. ఇక బండి ఉన్నవానికి కొత్తబండి అమ్మవలసి వచ్చెను. వాడు పాతబండిని తెచ్చి దానికి విలువకట్టి తీసికొమ్మనును. మిగిలినది వాయిదాలమీద ఇత్తుననును. జెనరల్ మోటార్సు కంపెనీవారు 1919లోనే కొనువారికిని వర్తకులకును అప్పిచ్చుటకొక ప్రత్యేకసంస్థను నెలకొల్పిరి. ఫోర్డునకు అప్పన్న అసహ్యము. 1923లో ఆతడు పెట్టిన పథకము వింతైనది: కొనువాడు వారమునకు 5 డాలర్ల చొప్పున దాచుకొని, ధర పూర్తియైన పిమ్మట బండి పుచ్చుకొనవలెను. పొరుగువాడు అప్పుమీద షెవర్లే ఎక్కి ఊరేగుచుండగా, వీడు చీటీపాట పాడువానివలె వేచియుండవలెనన్నమాట. ఆ పథకము సాగలేదు.

జెనరల్ మోటార్సు అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ 1924లో రైలెక్కి ఊరూర తిరిగి, వర్తకుల ఆవరణలలో అమ్ముడుపోని బండ్లు క్రిక్కిరిసి యుండుట కన్నులార చూచి, తయారీని తగ్గింపవలసినదని ఆజ్ఞాపించెను. పిమ్మట ప్రతి పదిదినములకు వర్తకులవద్ద అమ్మిన, నిలిచిన బండ్ల లెక్క తెప్పించుకొనుట ఆరంభించెను. ఇద్దరును లాభమునకే పాటుపడినవారు. ఒకడు వర్తకుని గోడవలె వాడుకొనెను, రెండవవాడు కిటికీవలె. ఫోర్డు ఏజెంట్లు రంగులు కావలెనని, మంచి బ్రేకులు కావలెనని, కొనువారు షెవర్లే అంగడికి పోవుచున్నారని మొరపెట్టుకొనిరి. ఆతడు వినలేదు. పైగా అమ్మకము పెరుగుటకై ఒకే పట్టణమున మరికొందరికి ఏజెన్సీలిచ్చి, వారిలో వారికి పోటీ పెట్టెను. 1927 మే నెలలో కోటి యేబది లక్షల బండ్లు చేసిన మాడల్ టి నిలిచిపోయెను. కొత్తబండి డిసెంబరు వరకు బయటికి రాలేదు. ఆ నడుమ నెలలలో ఏజెంట్లు అమ్ముటకు బండి లేక, అద్దెలు, జీతములు మాత్రము చెల్లించుచు కూర్చుండిరి; కొందరు పోటీకంపెనీకి మారిపోయిరి. 1928లో ఫోర్డు కంపెనీయు అప్పుల సంస్థను పెట్టక తప్పలేదు.

1947 ఏప్రిల్ 7వ తేదీరాత్రి ఫోర్డు డియర్‌బరన్‌లోని తన గృహమున మరణించెను. ఏటివరద చేత విద్యుత్తు ఆగిపోయి, కొవ్వొత్తుల వెలుతురున ఆ ఎనుబదిమూడేండ్ల జీవితము ముగిసెను. తొమ్మిదేండ్లకు, 1956లో, తయారీదారుడు దుర్బుద్ధితో ఏజెన్సీ రద్దు చేసినచో వర్తకుడు న్యాయస్థానమునకు పోవచ్చునని అమెరికా శాసనసభ చట్టముచేసెను. రాష్ట్రములును తమ చట్టములు చేసికొన్నవి. పెక్కు రాష్ట్రములందు తయారీదారుడు నేరుగా బండి అమ్మరాదు. టెస్లా కంపెనీ అంగళ్లులేక తానే అమ్మజూచి అనేక రాష్ట్రములలో వ్యాజ్యములాడినది ఈ చట్టములతోనే.

మనదేశమున ఫోర్డు కంపెనీ 1926లో కెనడా శాఖ ద్వారా అడుగుపెట్టి, బొంబాయి, మద్రాసు, కలకత్తాలనుండి బండ్లు పంపినది. 1953 టారిఫ్ కమీషను నివేదిక తరువాత వైదొలగినది. అటుపై కొన్ని దశాబ్దములు బండికై ఏండ్లకొలది వేచియుండుట మనవారి పాలయ్యెను. అప్పుడు వర్తకుడే దొర. 1995లో ఆ కంపెనీ మరల వచ్చెను. 2021 సెప్టెంబరులో ఇక ఈ దేశమున తయారీ మానుచున్నామని ప్రకటించెను. అప్పటికి సుమారు 170 మంది వర్తకులు 391 చోట్ల అంగళ్లు నడుపుచున్నారనియు, వారి పెట్టుబడి 2,000 కోట్ల రూపాయలనియు వర్తకసంఘమువారు లెక్కచెప్పిరి. అద్దాల భవనములు కట్టినవారు, వాటికై బ్యాంకులవద్ద ఋణపడినవారు మన తెలుగు పట్టణములలోను ఉండిరి. అదే యేట మెర్సిడెస్ కంపెనీ మనదేశమున వేరుపద్ధతి నారంభించెను. అందు నిలువ సరకంతయు కంపెనీదే. ధర నిర్ణయించి కొనువానికి నేరుగా అమ్మునదియు కంపెనీయే. వర్తకుడు కమీషను పుచ్చుకొను ఏజెంటు. ఫోర్డు కాలమున పేరునకే ఏజెంటై యుండినవాడు ఇందు నిజముగా ఏజెంటయ్యెను. నిలువ భారము తగ్గినది. దానితోపాటు బేరమాడు స్వాతంత్ర్యమును, అంగడి తనదను ధీమాయు తగ్గినవి. ఈ మార్పు వర్తకునకు మేలో కీడో మేమిప్పుడే నిర్ణయింపజాలము.

ఏజెన్సీ వర్తకులను రక్షించు ప్రత్యేక శాసనము కావలెనని పార్లమెంటు పరిశ్రమల స్థాయీసంఘము 2020 డిసెంబరులోనే సిఫారసు చేసెను. అప్పటికి ఫోర్డు కంపెనీ మనదేశపు అంగళ్లలో బండ్లు అమ్ముచునేయున్నది. ఆ శాసనము ఇంకను రాలేదు.