కలియుగ భీముడు

శరీరబలం గల యువకునికి ఏదో ఒకనాడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇష్టంతో చేసిన సాధనను జీవనోపాధిగా మార్చుకోవలసిన సమయం ఏది? నేడు బాక్సింగ్ నేర్చే విద్యార్థులకూ ఇది తప్పని ప్రశ్నే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించిన విజేందర్ సింగ్ 2015లో గాని వృత్తి బాక్సింగ్‌లో అడుగుపెట్టలేదు. అంతకు శతాబ్దం క్రితమే ఉత్తరాంధ్ర మల్లుడొకరు ఈ ప్రశ్నకు తమ జీవితంతో సమాధానం చెప్పారు. ఆయనే కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. ఆ ఊరు నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి వెంకన్న నాయుడు. బాల్యంలోనే తల్లి మరణించింది. కుమారుని చదువు కోసం తండ్రి, విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తమ తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపారు. పెందుర్తిలో రైలెక్కినవారు గంటసేపట్లో చేరుకోగల ఆ పట్టణం, ఆనాడు విద్యలకు, సంగీతానికే గాక మల్లవిద్యకూ నెలవు. బాలుడు బడికన్నా తాలింఖానాకే ఎక్కువగా అలవాటుపడ్డాడు. దండీలు, బస్కీలు, గోదాలో కుస్తీ దినచర్య అయ్యాయి. 21 ఏళ్ళ ప్రాయానికే ఒకటిన్నర టన్నుల బరువును రొమ్ముపై మోయగల శక్తి ఆయనకు అలవడింది.

ఇక్కడ మనం కాస్త ఆగి గమనించాలి. అంతటి బలం ఉన్నది కదా అని ఆయన వెంటనే దానిని అంగడికి ఎక్కించలేదు. మద్రాసు చేరి, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతాపత్రంతో విజయనగరం తిరిగివచ్చారు. తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైనారు. దీనిని పిరికితనమనడానికి వీల్లేదు. ఔత్సాహికుడు ఒంట్లో బాగులేకుంటే ఆనాటికి గోదా దిగడు, అడిగేవారుండరు. టిక్కెట్టు కొన్న జనం ఎదుట ఆ వెసులుబాటు లేదు. జ్వరమున్నా, బెణుకున్నా ఆ రాత్రి గొలుసు తెగవలసిందే. అందుకు తట్టుకునే పక్వత శరీరానికి రావాలి; విఫలమైతే తిరిగి చేరడానికి ఒక కొలువూ ఉండాలి. ఆయనకు రెండూ సమకూడాయి.

మరొక చిక్కున్నది. బలవంతుడైనంత మాత్రాన సంస్థ నడవదు. ఏనుగుకు మేత, కళాకారులకు జీతాలు, డేరాలు, ప్రయాణాలు, లెక్కలు! పొట్టి పంతులు అనే మిత్రుని తోడ్పాటు లభించిన తరువాతనే రామమూర్తి ఉద్యోగం విడిచి సర్కసు సంస్థను స్థాపించారు. ఈనాటి క్రీడాకారులలో పలువురు తమ వ్యవహారాలు ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోకుండానే సంతకాలు చేస్తుంటారు.

సర్కసులో ఆయన ప్రదర్శనలు జనాన్ని నివ్వెరపరచాయి. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి బిగబట్టి దానిని తెంచేవారు. చెరొక వైపుకు లాగే రెండు కార్లను కదలనీయకుండా నిలిపేవారు. రొమ్ముపై పలక వేయించుకొని దానిపై ఏనుగును ఎక్కించుకొనేవారు. వైస్రాయి మింటో ప్రభువు కారును సైతం కదలకుండా ఆపారని ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. 1905లో భారతదేశంలో పర్యటించిన యూజిన్ శాండో పేరు అప్పటికి దేశమంతటా మారుమ్రోగుతున్నది. అందుచేత రామమూర్తిని ‘ఇండియన్ శాండో’ అన్నారు. తెలుగువారు మాత్రం ‘కలియుగ భీముడు’ అని పిలుచుకున్నారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట ఆయన తమ బలాన్ని ప్రదర్శించారు. ఇంతటి దేహాన్ని ఆయన శాకాహారంతోనే పోషించుకొన్నారు.

విశేషంగా ధనం వచ్చింది. దానధర్మాలకు విరివిగా వెళ్ళిపోయిందనీ ప్రతీతి. తుదకు పెట్టుబడి అయిన శరీరమే దెబ్బతిన్నది. పుండు ముదిరి ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే బాధను ఓర్చుకొన్నారని అంటారు. చివరి రోజులు ఒరిస్సాలోని బలంగీరులో గడిపి, 1942 జనవరి 16న అక్కడే కన్నుమూశారు. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణం ఆయన పేరుతోనే ఉన్నది. విశాఖ సముద్రతీర మార్గంలో ఆయన విగ్రహాన్ని చూడవచ్చు.