తగవులు తీర్చిన బారిస్టరు

కోర్టుకెక్కితే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడని పెద్దలంటారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సీనియారిటీ కోసమో, ఇంక్రిమెంటు కోసమో, ఒక్కోసారి ఒట్టి మాటపట్టింపు కోసమో తగవులు పడినవాళ్లం గనుక ఆ మాటలో నిజమెంతో మనకు తెలుసు. మహాత్మాగాంధీ ఆ సంగతి పాతికేళ్లు నిండకముందే తెలుసుకున్నారు. ఊరికే తెలుసుకోలేదు, మూల్యం చెల్లించి తెలుసుకున్నారు.

1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టిన గాంధీజీ 1891లో బారిస్టరై లండను నుంచి తిరిగివచ్చారు. బొంబాయి కోర్టులో తొలి కేసుకు లేచి నిలబడితే నోట మాట రాలేదు. రాజకోట చేరి అర్జీలు రాస్తూ కాలక్షేపం చేస్తుండగా, అన్నగారి మీద వచ్చిన ఒక ఫిర్యాదు విషయమై తనకు లండనులో కాస్త పరిచయమున్న తెల్లదొర దగ్గరకు సిఫారసుకు వెళ్లారు. దొర వినలేదు, ఈయన కదలలేదు. దొర బంట్రోతును పిలిచి బయటికి గెంటించాడు. దావా వేస్తానని గాంధీజీ చీటీ పంపారు. అవమానం దిగమింగడమే మంచిదని ఫిరోజ్‌షా మెహతా కబురు చేశారు. దిగమింగారు గాని, తన కేసులు చాలావరకు ఆ దొర కచేరీలోనే నడవాలి. ఇక అక్కడ మనసు నిలవలేదు.

1893లో దక్షిణాఫ్రికా నుంచి దాదా అబ్దుల్లా కంపెనీ పిలుపు రాగానే ఒప్పుకున్నారు. ఏడాది పనికి 105 పౌన్లు, రానుపోను ఖర్చులు. కస్తూరిబాను, ఇద్దరు పసిపిల్లలను వదిలి ఓడ ఎక్కారు.

ప్రిటోరియాలోని తయ్యబ్ సేఠ్ మీద దాదా అబ్దుల్లా 40 వేల పౌన్లకు దావా వేసి ఉన్నారు. ఇద్దరూ ఒకే ఊరివారు, పైగా బంధువులు. కేసంతా ఖాతాలు, ప్రామిసరీ నోట్ల మీద నడుస్తున్నది. గాంధీజీకి జమాఖర్చు తెలియదు. పుస్తకం కొనుక్కొని నేర్చుకున్నారు. కాగితాలన్నీ చూశాక తమ పక్షం గట్టిదని తేలింది. మరొకరైతే అక్కడితో సంతోషించేవారు. ఈయన మరో లెక్క కూడా చూశారు. ప్లీడర్ల ఫీజులు పెరిగిపోతున్నాయి, వ్యాపారాలు చూసుకునే తీరిక ఇద్దరికీ లేదు, పగ రోజురోజుకూ ముదురుతున్నది. తయ్యబ్ సేఠ్‌ను కలిసి మధ్యవర్తికి అప్పగించుదామని నచ్చజెప్పారు. మధ్యవర్తి విచారించి దాదా అబ్దుల్లా పక్షాన తీర్పిచ్చారు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. 37 వేల పౌన్లు, ఖర్చులు ఒక్కసారిగా కట్టాలంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీయాలి. వారి వర్తకులలో దివాలా కంటె చావు నయమనుకునేవారు. వాయిదాల మీద పుచ్చుకోవడానికి గెలిచినవారిని ఒప్పించడం, మధ్యవర్తికి ఒప్పించడం కన్నా కష్టమైంది. చివరికి దాదా అబ్దుల్లా చాలా ఏళ్ల గడువుకు ఒప్పుకున్నారు. ఊళ్లో ఇద్దరి పరువూ పెరిగింది. ఆ తరువాత ఇరవై ఏళ్ల ప్లీడరీలో గాంధీజీ వందలాది కేసులను రాజీతోనే ముగించారు. దానివల్ల తనకు డబ్బు నష్టం కూడా కలగలేదని ఆత్మకథలో రాసుకున్నారు.

1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికుల తగవులో ఇదే పద్ధతి కనిపిస్తుంది. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయి, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయాబెన్. కార్మికులు 35 శాతం పెంపు కోరారు, యజమానులు 20 శాతం మించమన్నారు. చివరికి మొదటిరోజు 35, రెండవరోజు 20, తరువాత మధ్యవర్తి తేల్చేదాకా 27½ శాతం అని కుదిరింది. కార్మికుల ప్రతిజ్ఞా నిలిచింది, యజమానుల మాటా దక్కింది. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరకు 35 శాతమే ఖాయం చేశారు. ఈ తగవులో తాను చేసిన మూడు రోజుల నిరాహారదీక్ష యజమానులపై ఒత్తిడి తెచ్చిందని, అది దోషమేనని గాంధీజీ దాచకుండా ఒప్పుకున్నారు.

ఊరి తగవులు తీర్చినంత సులువుగా ఇంటి తగవులు తీరలేదు. 1898లో డర్బనులో, ఇంట్లో ఉన్న గుమాస్తా మలపాత్ర ఎత్తడం దగ్గర మాట పెరిగి, కస్తూరిబాను చెయ్యిపట్టి గేటుదాకా ఈడ్చారు. పరాయిదేశంలో నేనెక్కడికి పోతానని ఆమె కన్నీళ్లతో నిలదీస్తే సిగ్గుపడి గేటు మూశారు. ఆ గొడవ అక్కడితో సర్దుకుంది. పెద్దకొడుకు హరిలాల్‌తో మాత్రం సర్దుకోలేదు. సత్యాగ్రహంలో తండ్రి వెంట జైళ్లకు వెళ్లిన కుర్రవాడు, తనకూ ఇంగ్లండు చదువు కావాలని ఆశపడ్డాడు. తండ్రి ఒప్పుకోలేదు. 1911లో కొడుకు ఇల్లు విడిచాడు. తరువాత ఎన్ని ఉత్తరాలు నడిచినా మనసులు కలవలేదు. 1948 జనవరి 30న తండ్రి పోతే, అయిదు నెలలు తిరగకుండానే కొడుకూ బొంబాయిలో కన్నుమూశాడు.

తయ్యబ్ సేఠ్‌కు ఇప్పించిన వాయిదా కన్నకొడుక్కి దొరకలేదు. అంతటివాడికే ఇంటి గుమ్మం దగ్గర ఓర్పు చాలలేదంటే, మనబోటివాళ్ల సంగతి చెప్పాలా? మిత్రులలో ఎవరికైనా అన్నదమ్ములతోనో, కొడుకుతోనో పాత తగవు మిగిలి ఉంటే, ఎవరిది న్యాయమో తేలేదాకా ఆగనక్కరలేదు. న్యాయం మన పక్షాన ఉన్నప్పుడే గడువివ్వడం మన చేతిలో ఉంటుంది. ఒక కార్డుముక్క రాసి చూడండి.