పళ్లెంలోంచి ప్రయోగశాలకు వెళ్లిన మిరపకాయ

వంకాయ కోయగానే ముక్కల్ని ఉప్పునీళ్లలో వేస్తారు కదా. లేకపోతే కాసేపట్లో నల్లబడతాయి. అరటికాయా అంతే, ఆపిల్ ముక్కా అంతే. కానీ నిమ్మకాయను కోసి పక్కన పెట్టండి, అది అలా నల్లబడదు. పైగా ఆ నిమ్మరసాన్ని ఆపిల్ ముక్కల మీద పిండితే అవి కూడా చాలాసేపు రంగు మారకుండా ఉంటాయి. మనం రోజూ చూసి వదిలేసే ఈ తేడా దగ్గరే ఆగిపోయి, ఇలా ఎందుకవుతోందని ఏళ్ల తరబడి వెతికిన శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్‌జార్జి. హంగేరీ దేశస్థుడు. విటమిన్ సి ఆయన చేతికి చిక్కింది ఈ దారిలోనే. ఇవాళ మందుల షాపుల్లో, ఆన్‌లైన్లో బరువు తగ్గిస్తాయంటూ కనిపించే ఫ్లేవనాయిడ్ల సీసాల కథలోనూ ఆయనకు భాగం ఉంది. అలాంటి సీసా ఒకటి మీ ఇంటి ఫ్రిజ్ మీదో, అల్మరాలోనో ఉంటే ఈయన జీవితం మీకు కచ్చితంగా పనికొస్తుంది.

1893లో బుడాపెస్ట్‌లో పుట్టారు. తల్లి తరఫు వాళ్లంతా పేరున్న శాస్త్రవేత్తలు. మేనమామ శరీర నిర్మాణశాస్త్రంలో ప్రొఫెసర్. ఈ పిల్లాడు మాత్రం చదువులో వెనకబడ్డాడు. సైన్సు చదువుతానంటే మేనమామ ఒప్పుకోలేదు. చివరికి ఒక మెట్టు దిగి, మలద్వార వ్యాధుల మీద పనిచేస్తానంటే సరేనన్నాడు. కారణం వింటే నవ్వొస్తుంది. ఆ మేనమామకు మొలల బాధ ఉండేది. అలా సెంట్‌జార్జి మొదటి పరిశోధన మలద్వారం లోపలి పొర మీద సాగింది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. వైద్య విద్యార్థిగా సైన్యంలో చేరి, శౌర్య పతకం కూడా అందుకున్నారు. కానీ రెండేళ్లు కందకాల్లో చావులు చూశాక ఆ యుద్ధానికి అర్థం లేదనిపించింది. 1916లో తన చేతి ఎముకలోకి తానే తుపాకీ పేల్చుకుని, శత్రువుల తూటా తగిలిందని చెప్పి ఇంటికి చేరారు. 1917లో డాక్టర్ పట్టా తీసుకున్నారు. ఇలా బతికి బయటపడ్డ మనిషి మనకు విటమిన్ సిని ఇచ్చారంటే విచిత్రంగానే ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఉన్నప్పుడు కోసిన పండ్లు, దుంపలు రంగు మారడం ఆయన్ని పట్టుకుంది. గాలి తగిలితే మొక్కలోని ఫినాల్ జాతి పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు అవుతాయి. నిమ్మజాతి రసం కలిపితే ఆ చర్య కాసేపు ఆగుతోంది. అంటే ఆ రసంలో ఏదో ఉంది. అలాంటి పదార్థమే పశువుల అడ్రినల్ గ్రంథుల్లోనూ కనిపించింది. కేంబ్రిడ్జ్ వెళ్లి దాన్ని వేరుచేసి 1928లో ప్రచురించారు. అది చక్కెర లాంటిదని తెలుసు గానీ ఏమిటో తెలియదు. అందుకని దానికి తెలియదు అనే అర్థం వచ్చేలా ఒక పేరు పెట్టారు. పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదు. దేవుడికే తెలుసు అనే అర్థంలో ఇంకో పేరు పంపారు. అదీ కుదరదన్నారు. చివరికి హెక్సురోనిక్ ఆమ్లం అన్న పేరు ఖాయమైంది.

అడ్రినల్ గ్రంథుల నుంచి తీయాలంటే కబేళాల చుట్టూ తిరగాలి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎంతో కష్టపడితే దక్కింది 25 గ్రాములే. ఆ కాస్తతో దాని నిర్మాణం తేలలేదు. హంగేరీకి తిరిగొచ్చి సెగెడ్ పట్టణంలో ప్రొఫెసర్‌గా చేరారు. అక్కడ ఆయన దగ్గరికి జోసెఫ్ స్విర్బెలీ అనే అమెరికన్ యువకుడు వచ్చాడు. ఇద్దరూ కలిసి గినీ పందుల మీద ప్రయోగం చేశారు. మనలాగే వాటి ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు, తిండిలోంచే రావాలి. ఉడికించిన మేత మాత్రమే తిన్నవి స్కర్వీతో చనిపోయాయి. అదే మేతతో పాటు రోజుకు 1 మిల్లీగ్రాము హెక్సురోనిక్ ఆమ్లం అందుకున్నవి బతికాయి. అంటే ఆ ఆమ్లమే విటమిన్ సి. అది 1932. అమెరికాలో చార్లెస్ కింగ్ కూడా అదే మాటను ఓ రెండు వారాల ముందు ప్రచురించడంతో ఎవరు ముందన్న గొడవ చాలాకాలం నడిచింది.

ఇక మిరపకాయ సంగతి. సెగెడ్ చుట్టుపక్కల పొలాలన్నీ ఎర్ర పాప్రికా మిరపే. మన దగ్గర గుంటూరు ఎలాగో హంగేరీకి సెగెడ్ అలాగ. ఓ రాత్రి భోజనంలో భార్య ఆయనకు పచ్చి పాప్రికా వడ్డించారు. తినాలనిపించలేదు. వద్దని చెప్పడం ఇష్టంలేక, దీన్ని ఇంతవరకూ పరీక్షించలేదు కదా అనుకుంటూ ప్రయోగశాలకు పట్టుకెళ్లారు. అర్ధరాత్రికల్లా తేలింది, అందులో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉందని. గ్రంథుల కోసం ఖండాలు దాటిన మనిషికి అది ఊరి సంతలోనే దొరికింది. కొన్ని వారాల్లోనే కిలోకు పైగా స్ఫటికాలు తీశారు. దాంతో బ్రిటన్‌లో హావర్త్ నిర్మాణాన్ని తేల్చారు. 1937లో సెంట్‌జార్జికి వైద్యంలో, హావర్త్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. మీకూ నాకూ ముఖ్యమైంది దీని తర్వాతిది. రక్తనాళాలు బలహీనపడి చర్మం కింద రక్తం చిమ్మే జబ్బున్న రోగులకు ఆయన విటమిన్ సి ఇచ్చి చూశారు. ఇంకా పూర్తిగా శుద్ధికాని సరుకు ఇస్తే గుణం కనిపించింది. శుద్ధమైన స్ఫటికాలు ఇస్తే కనిపించలేదు. అంటే తీసి పారేసిన మలినాల్లోనే ఇంకేదో మంచి పదార్థం ఉందన్నమాట. మిరపలో, నిమ్మలో ఉన్న ఫ్లేవనాయిడ్లే అవి అని ఇస్త్వాన్ రుస్న్యాక్‌తో కలిసి 1936లో ప్రకటించి, దానికి విటమిన్ పి అని పేరు పెట్టారు.

అయితే గినీ పందుల పరీక్షలో విటమిన్ సి నెగ్గినట్టు ఇది నెగ్గలేదు. ఫ్లేవనాయిడ్లు ఆపేస్తే ఫలానా జబ్బు వస్తుందని నిలకడగా ఎవరూ చూపలేకపోయారు. 1950లో అమెరికా శాస్త్రవేత్తలు ఆ పేరే వాడొద్దని సూచించారు. అప్పటికే ఆయన దృష్టి కండరాల పరిశోధన మీదికి మళ్లింది. అక్కడా గొప్ప పనే చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉపన్యాసం పేరుతో ఇస్తాంబుల్ వెళ్లి మిత్రరాజ్యాల వాళ్లతో రహస్యంగా మాట్లాడి, హిట్లర్ ఆగ్రహానికి గురై అజ్ఞాతంలో గడిపారు. 1947లో అమెరికా చేరి, చివరిదాకా వుడ్స్ హోల్‌లోనే ఉండి 1986లో కన్నుమూశారు.

విటమిన్ పి పోయింది గానీ ఫ్లేవనాయిడ్లు మళ్లీ వచ్చాయి. ఈసారి ఊబకాయం పేరుతో. ఉల్లిలో క్వెర్సెటిన్, టీలో కాటెచిన్లు, నేరేడులో ఆంథోసయనిన్లు, నారింజలో హెస్పెరిడిన్ అన్నీ ఈ కుటుంబమే. ఇవి బాగా తినేవాళ్లు తక్కువ బరువు పెరుగుతారా? 2016లో వెలువడిన ఓ అమెరికా పరిశీలనలో 1,24,000 మందికి పైగా జనాన్ని 24 ఏళ్ల దాకా గమనించారు. తేడా ఉంది. అయితే ఆంథోసయనిన్లు ఎక్కువ తిన్నవాళ్లలోనూ అది నాలుగేళ్లకు సుమారు 100 గ్రాములే. అదీ పండ్లు, కూరలు తిన్నవాళ్లలో. అలాంటి వాళ్ల మిగతా అలవాట్లు కూడా మెరుగ్గా ఉండొచ్చు కాబట్టి ఆ ఘనత మొత్తం ఫ్లేవనాయిడ్లకే కట్టబెట్టలేం.

మాత్రల సంగతికొస్తే ఇంకా నిరాశే. గ్రీన్ టీతో బరువు తగ్గడంపై ప్రయోగాలన్నిటినీ కలిపి 2012లో సమీక్షిస్తే, చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. మన పశ్చిమ కనుమల్లో కాసే మలబారు చింత నుంచి తీసే గార్సీనియా పదార్థాన్ని 1998లో 135 మందితో 12 వారాలు పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ వీళ్లకీ బరువులో తేడా తేలలేదు. కారం తింటే కొవ్వు కరుగుతుందని మన ఇళ్లలో ఓ నమ్మకం. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కాస్త పెంచుతుంది, నిజమే. కానీ ఆ కారాన్ని మనం ఆవకాయగా, మిర్చి బజ్జీగా తింటాం. ఆ నూనెతో వచ్చే కేలరీల ముందు ఈ ఖర్చు ఎందుకూ చాలదు.

ప్రమాదం లేదా అంటే ఉంది. టీ తాగితే లోపలికి వెళ్లే కాటెచిన్లు వేరు, ఖాళీ కడుపున గుళికలో ఒక్కసారిగా దిగేవి వేరు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే కాటెచిన్‌ను రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి హాని జరగొచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

అలాగని పాప్రికాను తక్కువ చేయక్కర్లేదు. మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. సెంట్‌జార్జి లెక్క ప్రకారం 40 గ్రాముల పచ్చి పాప్రికా చాలు. మనకైతే ఎర్ర క్యాప్సికం, జామకాయ, ఉసిరి ఉన్నాయి. విటమిన్ సి వేడికి, నీళ్లకు పోతుంది కాబట్టి కొన్నయినా పచ్చిగా తినండి. ఎండుకారంలో అది పెద్దగా మిగలదు. ఉల్లిపాయ ఒలిచేటప్పుడు రెండు మూడు పొరలు పారేయకండి, క్వెర్సెటిన్ ఎక్కువగా ఉండేది పైపొరల్లోనే.

ఇప్పటికే బరువు తగ్గే గుళికలు వాడుతుంటే సీసా తిప్పి ఎంత మోతాదుందో చదవండి. రాయకపోతే దాన్ని పక్కన పెట్టేయడమే మేలు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, మూలికలేగా అని దాచకుండా చెప్పండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, పొట్ట కుడివైపు పైభాగంలో నొప్పి వచ్చినా మాత్రలు ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, సీసాను వెంట తీసుకెళ్లండి.