క్లౌ దొర నేర్చుకొన్న రోజులు

1862లో అమెరికాలోని ప్రావిడెన్స్ పట్టణంలో బాప్టిస్టు మిషనరీ సంఘం పెద్దలు సమావేశమయ్యారు. నెల్లూరు మిషన్‌ను ఉంచాలా, మూసివేయాలా అన్నది వారి ముందున్న ప్రశ్న. 1840 నుంచి అక్కడ పని జరుగుతోంది. ఖర్చు కనబడుతోంది గాని ఫలం కనబడడం లేదు. మూసివేద్దామన్న మాట రావడం అది మొదటిసారి కూడా కాదు. ఆరోగ్యం పాడై సెలవు మీద స్వదేశానికి వచ్చిన లైమన్ జూయెట్ దొర మాత్రం ఒప్పుకోలేదు. మీరు పంపినా పంపకపోయినా నేను తెలుగువాళ్ల మధ్యకే వెళ్లి అక్కడే చనిపోతానన్నాడు. అంత పట్టుదలగా ఉంటే నిన్ను సమాధి చేయడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదా అని సంఘం కార్యదర్శి అన్నాడట.

అలా తోడు వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. జూయెట్ గారు ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు బతికి 1897లో ప్రభువునందు నిద్రించారు. ఆయన్ని సమాధి చేసే పని క్లౌకు పడనే లేదు. ఆయన దగ్గర చదువుకొనే పని మాత్రం పడింది.

ఒంగోలు క్లౌ దొర అనగానే మన సంఘాల్లో అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే: 1878 జూలై 3, గుండ్లకమ్మ నది, 2,222 బాప్తిస్మాలు. సండేస్కూలు పిల్లలకు కూడా ఆ అంకె కంఠతా వచ్చు. 1836లో పుట్టి 1910లో గతించిన ఆ దైవజనుని గూర్చి జూబిలీ సభల్లో ఆ అంకెతోనే మొదలుపెట్టి ఆ అంకెతోనే ముగిస్తాం. ఆ అంకెకు పన్నెండేళ్ల ముందు, నోట తెలుగు సరిగా తిరగని ఒక యువకుడున్నాడు. ఈ వారం అతని దగ్గర కాసేపు ఆగుదాం.

న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే పల్లెలో పుట్టాడు. పెరిగింది పడమటి రాష్ట్రాల్లో. ఇంకా మీసాలు రాని వయసులోనే ప్రభుత్వ సర్వే బృందంలో చేరి మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టుకొని భూములు కొలిచాడు. గుడారంలో నిద్ర, మొరటు మనుషులతో సహవాసం, దొరికిన తిండి. లాయరు కావాలన్న కోరికతో ఐయోవాలోని బర్లింగ్టన్ విద్యాలయంలో చేరాడు. దేవుడంటే పట్టింపు లేదు. గదిలో తోటి విద్యార్థి రోజూ బైబిలు చదివి మోకరించడం చిరాకనిపించి, నేలమీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు. నీ భక్తి అంతా ఆ గీతకు అవతలే చేసుకోమన్నాడు. ఆ కుర్రాడు వాదించలేదు, మానలేదు, గీతకు అవతలే మోకరించాడు. 1858లో క్లౌ మారుమనస్సు పొంది మిసిసిపి నదిలో బాప్తిస్మం తీసుకొన్నాడు.

ఆ తోటి విద్యార్థి చేసిన సేవకు ఏ మిషనూ జీతమివ్వలేదు. క్లౌకు శిక్షణ ఇచ్చినవారి వరుసలో నేను మాత్రం ఆ కుర్రాణ్ణే మొదట నిలబెడతాను.

తర్వాత డిగ్రీ చదివాడు, బడిలో పాఠాలు చెప్పాడు, క్రైస్తవ పుస్తకాల సంచి మోసుకొని ఐయోవా పల్లెల్లో గడప గడపా ఎక్కాడు. వేదాంత కళాశాల గడప మాత్రం తొక్కలేదు. సెమినరీలో చదువుకొన్న నాబోటివాళ్లకు ఇది కాస్త గుచ్చుకొనే విషయమే. అలాగని సెమినరీ అక్కర్లేదనడానికి క్లౌ పేరు వాడుకొనేవారు తొందరపడవద్దు. ఆయనే తర్వాత సెమినరీ కోసం ఎంత తపించాడో ముందు చూస్తాం.

1864 నవంబరు 30న భార్య హేరియట్‌తో, జూయెట్ దొరతో కలిసి బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావాలి. నాలుగు నెలలు దాటి సముద్రం మీదే గడిచింది. 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగి నెల్లూరు చేరారు. క్లౌ వయసు ఇరవై ఎనిమిది.

ఏప్రిల్‌లో నెల్లూరు చేరినవాడికి మొదటి గురువు ఎండే. రెండో గురువు మున్షీ. ఆ కాలంలో కొత్తగా వచ్చిన మిషనరీ దినచర్య ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. చీకటితో లేవడం, వాక్యధ్యానం, ప్రార్థన. చల్లపూటనే మున్షీ వస్తాడు. బ్రౌన్ దొర నిఘంటువు అప్పటికి అచ్చయి పుష్కరం దాటింది, అదొక్కటే కొండంత అండ. అ ఆ ల దగ్గర మొదలు. తకు టకు తేడా, దకు డకు తేడా, లకు ళకు తేడా. అడవులు కొలిచినవాడు, డిగ్రీ చదివినవాడు పలక పట్టిన పసివాడిలా కూర్చొని, మున్షీ నాలుక ఎక్కడ ఆనుతోందో చూసి తన నాలుక తిప్పుకోవాలి. మధ్యాహ్నం తలుపులు మూసుకొని పొద్దుటి మాటలు వల్లె వేసుకోవాలి. సాయంత్రం పెద్ద మిషనరీ వెంట బజారుకు వెళ్లాలి. ఆయన బోధిస్తుంటే పక్కన నిలబడాలి. అర్థమైనది గుర్తుపెట్టుకోవాలి, కానిది మరునాడు మున్షీని అడగాలి.

ఇక్కడే ఒక చిక్కు. మున్షీ నేర్పేది గ్రంథాల తెలుగు, సంతలో వినబడేది ఇంకో తెలుగు. మున్షీ తెలుగే పట్టుకొన్నవాడు పండితులకు అర్థమై పల్లెవాళ్లకు కాకుండా పోతాడు. నువ్వు అనాలో మీరు అనాలో తెలియక, పెద్దమనిషిని నువ్వని, కూలివాణ్ణి తమరని నవ్వులపాలయ్యే ప్రమాదమూ ఉంది. మాట వచ్చాక సువార్త చెబుదామని కూర్చుంటే మాట ఎప్పటికీ రాదు. సువార్త చెబుతూ తప్పులు పలికితేనే వస్తుంది.

నిదానం క్లౌ స్వభావంలో లేదు. ఎక్కడున్నా నలుగురినీ నడిపించే మనిషి. అలాంటివాడికి ఒకరి వెనుక నిలబడి వినడమే పెద్ద పరీక్ష. అయితే ముందున్నది జూయెట్. తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకొన్న పండితుడు, నెమ్మదస్థుడు. ఒంగోలు ప్రార్థన కొండ సంగతి మీకు తెలిసిందే. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి మోకరించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. అప్పటికి క్లౌ పదిహేడేళ్లవాడు, దేవుడి ఊసు లేనివాడు. ఎవరి కోసం ప్రార్థన చేశారో వాళ్లకూ తెలియదు, అతనికీ తెలియదు. నెల్లూరులో ఆ పెద్దాయన పక్కన పదిహేడు నెలలు ఉండి, 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలు వచ్చారు.

చదువు అక్కడితో అయిపోలేదు. ఇంకో గురువు ఒంగోలు సీమలోనే ఉన్నాడు.

ఆయన యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు వాసి, మాదిగ కులస్థుడు, చర్మాల వ్యాపారి. క్రీస్తును ఎరగక ముందే సత్యం కోసం వెదికి, గురువును ఆశ్రయించి యోగం అభ్యసించినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరు సి.ఎం.ఎస్. మిషనరీ అలెగ్జాండర్ దొర నోట సువార్త విన్నాడు. 1866లో జూయెట్ గారి చేత ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు. క్లౌ ఒంగోలు చేరేటప్పటికే పేరయ్య తన బంధువుల పల్లెల్లో ప్రభువు మాట చెబుతూ తిరుగుతున్నాడు. ఆయనకు జీతం లేదు, బిరుదు లేదు.

1867 జనవరిలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి గుడారం వేశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తిండి మూటలతో, బాప్తిస్మం తర్వాత కట్టుకొనే ఉతికిన బట్టలతో వచ్చి కూర్చున్నారు. కొద్దిరోజులు బోధించి, పరీక్షించి, 28 మందికి బాప్తిస్మమిచ్చాడు. విత్తింది తాను కాదని క్లౌకు తెలుసు. మాదిగపల్లెలో ఏ మాట గుండెకు తగులుతుందో, ఏ ఇంటి పెద్దకు ముందు చెప్పాలో, ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో మున్షీకి తెలిసే సంగతి కాదు. అవి పేరయ్య దగ్గర నేర్చుకోవలసినవి. చదువుకొన్న తెల్లదొర ఊరి చివర చర్మాల వ్యాపారి దగ్గర విద్యార్థి కావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నన్నడిగితే క్లౌ జీవితంలో గుండ్లకమ్మ కంటే పెద్ద ఘట్టం ఇదే.

ఎందుకంటే దానికి వెల వెంటనే చెల్లించవలసి వచ్చింది. ఒంగోలులో అగ్రవర్ణాలవారు దొర పట్ల ఆదరంగానే ఉన్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు. మాదిగలు సంఘంలోకి రావడం చూసి, వాళ్లను చేర్చుకొంటే మేము రామని తేల్చి చెప్పారు. పట్టణం కావాలా, పల్లె కావాలా? కలవరంతో క్లౌ తన గదిలోకి వెళ్లి చేతికందిన కొత్త నిబంధన తెరిస్తే మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం, 26 నుంచి 29 వచనాలు కంటబడ్డాయి. ఇంకో గదిలో హేరియట్ అమ్మగారు అదే చింతతో బైబిలు తెరిచి అవే వచనాలు చదివి ఆయన దగ్గరికొచ్చారు. దంపతులిద్దరూ ఇక వెనుదిరిగి చూడలేదు. మరునాటికి బడిలో అగ్రవర్ణాల పిల్లలు లేరు.

పల్లెల్లో పరిస్థితి అంతకంటే కఠినం. కొత్త విశ్వాసులకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువుల మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవి. కానీ ఊరి జాతరకు డప్పు కొట్టడానికి మాదిగ రాకపోతే, ఆదివారం పొలంలో దిగకపోతే ఊరు ఊరుకుంటుందా? పని మాన్పించారు, బావుల దగ్గర నీళ్లు ఆపారు, కొట్టారు. అవసరమైనచోట క్లౌ అధికారుల దాకా వెళ్లాడు. ఇప్పుడు పత్తి, మిర్చి, పొగాకు పండే ఆ నల్లరేగడి దారుల్లో వాన పడితే బండి చక్రం ఇరుసు దాకా దిగేది. ఏటా నెలల తరబడి గుడారాల మకాం. మిన్నెసోటా అడవుల్లో నేర్చుకొన్న చదువు ఇక్కడ అక్కరకొచ్చింది.

తాను నేర్చుకొన్నట్టే ఇతరులకు నేర్పించాడు. మూడు నెలలకొకసారి పల్లె బోధకులందరూ నడిచి ఒంగోలు వచ్చేవారు. ఎక్కడెక్కడ తిరిగారో, ఎవరు విన్నారో, ఎవరు కొట్టారో చెప్పుకొనేవారు. ప్రార్థన, పాఠం ముగించుకొని మళ్లీ పల్లెలకు. అది చాలదని, 1872 నాటికి సముద్రతీరంలోని రామాయపట్నంలో తెలుగు బోధకుల కోసం వేదాంత పాఠశాల మొదలైంది. పెళ్లాం బిడ్డలతో సహా వచ్చి చదువుకొనేవారు. సెమినరీ చూడని మనిషి సెమినరీ కావాలని పట్టుబట్టాడు, గమనించండి.

1876లో కరువు వచ్చింది. 1878 దాకా పీడించింది. జనం ఆకులు, గడ్డిగింజలు తిని చచ్చిపోతున్నారు. సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకొన్నాడు. మట్టి కొలవడం, మనుషుల్ని నడపడం పాత సర్వేయరుకు కొత్త కాదు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు, కూలీలను తిట్టేవాళ్లు, కొట్టేవాళ్లు ఉండకుండా. పని మధ్య విశ్రాంతివేళ బోధకులు వాళ్ల పక్కన కూర్చొని ఓదార్చారు, ప్రభువు సంగతులు చెప్పారు.

జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, కూడు కోసం వచ్చారేమోనన్న అనుమానానికి తావివ్వకూడదని పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. అంకెల మీద ఆశ ఉన్నవాడెవడూ ఆ పని చేయడు. మన వేదికల మీద 2,222 గురించి చెప్పినంతగా ఈ పదిహేను నెలల గురించి ఎందుకు చెప్పమో నాకు అర్థం కాదు.

1878 జూన్‌లో, కరువు సాయం ఆగిపోయాక, జనం మళ్లీ వచ్చారు. ఇవ్వడానికి తన దగ్గర ఇక డబ్బు లేదని, ఇళ్లకు వెళ్లమని క్లౌ చెప్పాడు. సాయానికి రాలేదని, బతికినా చచ్చినా క్రీస్తు బిడ్డలుగానే ఉంటామని వాళ్లన్నారు. అప్పుడు బోధకులను పిలిచి, ఒక్కొక్కరి సంగతీ విచారించి పేర్లు రాయించాడు. ఏ పల్లెవాళ్లను ఆ పల్లె ఎరిగిన బోధకుడే పరీక్షించాలి.

జూలై 3 పొద్దున్నే ఆరు గంటల ప్రాంతంలో, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ప్రార్థనతో మొదలైంది. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగారు. వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు. మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెట్టి, సాయంత్రం అయిదింటికి ముగించారు. జాబితా చూసి పేర్లు పిలవడం, పిలిచినవారు నీళ్లలోకి నడవడం, తడిబట్టలతో ఒడ్డెక్కడం. ఆ రోజు క్లౌ తన చేతులతో ఒక్కరికి కూడా బాప్తిస్మమివ్వలేదు. ఒడ్డునే ఉండి చూస్తూ నిలబడ్డాడు.