గుంటూరు దొరసాని డాక్టరు – అన్నా సారా కుగ్లర్

మన గుంటూరు, ప్రకాశం సీమల్లో సేవాసంఘాలకు కొదవ లేదు. రోటరీ వారున్నారు, లయన్స్ వారున్నారు, వర్తక సంఘాలున్నాయి, కుల సంఘాలున్నాయి. ఏటా ఒక సభ పెట్టి అనాథాశ్రమానికో, కంటి ఆసుపత్రికో, వృద్ధాశ్రమానికో విరాళం అందజేస్తారు. మెచ్చుకోవలసిన పనే. అయితే ఆ డబ్బు ఎవరి ఇష్టాన్ని బట్టి నడవాలి? ఇచ్చేవాళ్ల ఇష్టాన్ని బట్టా, పుచ్చుకునేవాళ్ల అవసరాన్ని బట్టా? ఈ ప్రశ్నకు ఉపన్యాసం కన్నా ఒక జీవితమే బాగా జవాబు చెబుతుందని నా నమ్మకం. అందుకే గుంటూరు వాళ్లకు పేరుగా తెలిసినా, కథగా చాలామందికి తెలియని డాక్టర్ కుగ్లర్‌ను గురించి రాస్తున్నాను.

రోటరీ 1905లో షికాగో నగరంలో పుట్టింది. లయన్స్ 1917లో అదే నగరంలో పుట్టింది. వాటికి పాతికేళ్ల ముందే, 1879లో, అమెరికాలోని లూథరన్ చర్చి స్త్రీలు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. స్వదేశంలోను, విదేశాల్లోను మిషను పనికి డబ్బు కూడబెట్టి పంపడం ఆ సంఘం ఉద్దేశం. సభ్యుల్లో ఎక్కువమంది మామూలు గృహిణులు. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర ఊరి శాఖకు చేరేది, ఊరి శాఖ నించి కేంద్ర సంఘానికి, అక్కణ్ణించి సముద్రాలు దాటి మన గుంటూరుకు. ఆ చిల్లరే చివరికి ఒక పెద్ద ఆసుపత్రి అయింది. కాని అది తనంత తాను కాలేదు. మధ్యలో ఒక మనిషి నిలబడి, ఇక్కడి అవసరం ఏమిటో అక్కడివాళ్లకు ఏళ్ల తరబడి చెప్పవలసి వచ్చింది.

ఆ మనిషి అన్నా సారా కుగ్లర్. 1856 ఏప్రిల్ 19న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు వైద్యం చదవడం అమెరికాలో కూడా వింతే. అయితే ఫిలడెల్ఫియాలో 1850లోనే స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక వైద్య కళాశాల వెలిసింది. మన దేశం నించి వెళ్లిన ఆనందీబాయి జోషి 1886లో పట్టా పుచ్చుకున్నది అక్కడే. కుగ్లర్ అంతకు ఏడేళ్ల ముందు, 1879లో, అక్కడే డాక్టరయ్యారు. తర్వాత రెండేళ్లు నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు.

1882లో మన ప్రాంతంలో పనిచేస్తున్న ఆడమ్ రో అనే మిషనరీ నించి ఆమెకు ఒక ఉత్తరం అందింది. ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసే దిక్కు లేదని దాని సారాంశం. మగ డాక్టరుకు చెయ్యి చూపించడం కూడా తప్పనుకునే రోజులవి. ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలే కాదు, పెద్దింటి హిందూ స్త్రీలు కూడా జబ్బు చేస్తే గడప లోపలే బతకాలి, లోపలే చావాలి. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతిలో ఉన్నదే వైద్యం. రైతు కూలీల ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఉత్తరం చదివి కుగ్లర్ మిషను బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఇక్కడే మనం గమనించవలసిన విషయముంది. బోర్డు వైద్యం పనికి సిద్ధంగా లేదు. బడులకు, బోధకు డబ్బు కేటాయించింది గాని, మందులకు కేటాయించలేదు. కాబట్టి ఆమెను డాక్టరుగా కాక, ఇళ్లలో ఉండే స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిగా పంపుతామన్నారు. చేతిలో వైద్య పట్టా ఉన్న మనిషికి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ఒప్పుకున్నారు. మందులు, పనిముట్లు మాత్రం వెంట తెచ్చుకున్నారు. 1883 ఆగస్టులో ఓడ ఎక్కి, నవంబరు చివర గుంటూరు చేరారు.

అప్పటికి గుంటూరు జిల్లా అనేదే లేదు. ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. గుంటూరు మళ్లీ జిల్లా అయింది 1904లో. కొద్ది ఏళ్ల కిందటే, 1876–78లో, ధాత కరువు వచ్చి దక్షిణ దేశాన్ని తుడిచిపెట్టింది. అటువంటి కాలంలో వచ్చిన ఆమె పగలు బడుల పని చూస్తూనే, పిలిచిన ఇంటికి వెళ్లి వైద్యం చేశారు. పిలిచిన ఇళ్లన్నీ ఆదరించాయనుకుంటే పొరపాటు. మ్లేచ్ఛురాలు ముట్టుకుంటే మైల అనుకున్న ఇళ్లున్నాయి. ఆమె చేతి మందు తాగడానికి జంకిన వాళ్లున్నారు. ఆమె తెలుగు నేర్చుకున్నారు. విసుక్కోకుండా మళ్లీ మళ్లీ వెళ్లారు. జబ్బు నయమైన ఇల్లు పక్కింటికి చెప్పింది. అంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది!

రెండేళ్ల తర్వాత, 1885 డిసెంబరులో, అమెరికాలోని వాళ్లు ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా నియమించారు. అంటే ఇచ్చేవాళ్లే తమ ఆలోచన మార్చుకున్నారన్న మాట. నన్నడిగితే ఆమె జీవితంలో పెద్ద విజయం ఆసుపత్రి కట్టడం కాదు, ఇది. డబ్బిచ్చే సంఘాన్ని ధిక్కరించి వెళ్లిపోలేదు, సంఘం చెప్పినదానికి తలవంచి వైద్యం మానుకోనూ లేదు. పని చేసి చూపించి, ఉత్తరాలు రాసి, ఒప్పించారు.

ఆ తర్వాత పని ఊపందుకుంది. ముందు చిన్న చిన్న డిస్పెన్సరీలు వచ్చాయి. సెలవు మీద స్వదేశం వెళ్లినప్పుడు కూడా విశ్రాంతి తీసుకోకుండా ఆసుపత్రికి విరాళాలు పోగుచేశారు. గుంటూరులో స్థలం దొరికింది. 1893లో కొత్త డిస్పెన్సరీ భవనం తెరిచారు. 1890ల చివరికల్లా యాభై పడకల ఆసుపత్రి లేచింది. నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ వచ్చి చేరారు. మన ఆడపిల్లలకే నర్సు పని నేర్పించారు. డాక్టర్ బేర్ తర్వాత చీరాల వెళ్లి అక్కడి మిషను ఆసుపత్రిని నిలబెట్టారు. అలా నిన్నటి ప్రకాశం, నేటి బాపట్ల జిల్లాలోని చీరాలకు కూడా ఈ వైద్యం పాకింది. ఒక్క చోట వేసిన నారు ఇంకో చోట పైరయింది.

విరాళాలు అమెరికా నించే వచ్చాయనుకోకూడదు. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావుగారు తమ ఇంటి స్త్రీకి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర ఒక సత్రం కట్టించారు. హిందూ రోగుల బంధువులు అందులో దిగి, తమ ఆచారం ప్రకారం వండుకు తింటూ రోగిని కనిపెట్టుకుని ఉండవచ్చు. ఈ దానాన్ని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. రాజావారు తలుచుకుంటే తమ శిలావిగ్రహం పెట్టించుకోవచ్చు. కాని పల్లె నించి బండి కట్టుకుని వచ్చిన కుటుంబానికి ఆసుపత్రిలో ముందు ఎదురయ్యే బాధ ఏమిటో గ్రహించారు. ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ వండుకోవాలి? ఈనాటికీ పెద్దాసుపత్రి వరండాల్లో చాపలు పరుచుకున్న బంధువులను చూస్తే ఆ సత్రం విలువ తెలుస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ స్త్రీల సంఘానికి మతప్రచారమే ప్రధాన ఆశయం. కుగ్లర్ కూడా భక్తురాలే, తన విశ్వాసాన్ని ఎప్పుడూ మరుగుపరచలేదు. ఈ విషయంలో ఆమెతో ఏకీభవించని పాఠకులు మనలో ఉండవచ్చు. కాని ఆసుపత్రి గుమ్మం దగ్గర కులం, మతం అడ్డు పెట్టలేదన్నది కూడా అంతే నిజం. లేకపోతే హిందూ జమీందారు సత్రం కట్టించడమేమిటి?

అప్పటి ప్రభుత్వం 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1917లో రెండోసారి అదే గౌరవం దక్కింది. 1928లో ఆమె గుంటూరు మిషను ఆసుపత్రి చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. 1930 జూలై 26న, తన డెబ్బై నాలుగో ఏట, ఈ గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చిన నాటి నించి నలభై ఏడేళ్లు! ఆ తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. మా నాయనమ్మ తరం వాళ్లు కుగ్లర్ అంటే మనిషి పేరని ఎరగరు, ఆసుపత్రి అనే అనుకుంటారు. ఒక డాక్టరుకు అంతకన్నా కీర్తి ఏం కావాలి?

ఇక మన సంగతి. మాది పత్తి, మిర్చి పండించే ఊరు. మా ఊరి హైస్కూలుకు కొన్నేళ్ల క్రితం ఒక సేవాసంఘం వారు పంకాలు బహూకరించారు. పంకా రెక్కల మీద దాతల పేర్లు రాయించారు. సభ జరిగింది, దండలు పడ్డాయి, ఫోటోలు తీశారు. ఆ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఒక్కొక్కరే మానేసి మిర్చి కోతలకు పోయేవారు. నాతో చదివినవాళ్లలో నాకన్నా లెక్కలు బాగా చేసే పిల్ల కూడా అలాగే మానేసింది. పంకాలు ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. బడికి వచ్చి ఒక గంట కూర్చుని, మీకేం కావాలమ్మా అని ఆ పిల్లల్ని అడిగి ఉంటే సరిపోయేది. ఎవరూ అడగలేదు.

రైతుకు ఇది కొత్త సంగతి కాదు. అదను ఎరిగి సేద్యం, పదును ఎరిగి పైరు అంటారు మా వైపు. విత్తనం మన దగ్గరుందని నల్లరేగడిలో ఎప్పుడు పడితే అప్పుడు చల్లం. ముందు నేలను చూస్తాం. దానమూ అంతే. కుగ్లర్‌ను పంపిన స్త్రీలు మొదట బడికని ఇచ్చారు. ఇక్కడి నేల వైద్యం అడిగింది. ఆ మాట వినగలిగారు కాబట్టే వాళ్ల చిల్లర ఆసుపత్రి అయింది.

మన విద్యార్థి సంఘం వార్షికోత్సవాల సందర్భంగా చందాలు పోగుచేసి ఏదో ఒక సంస్థకు ఇవ్వడం మంచి ఆనవాయితీ. అందులో డబ్బు తక్కువే కావచ్చు. అయినా నాదొక మనవి. చెక్కు రాయకముందు మనలో నలుగురం ఆ సంస్థకు వెళ్లాలి. కార్యదర్శి గదిలో టీ తాగి రావడం కాదు, అక్కడ ఉండే వృద్ధులతోనో పిల్లలతోనో మాట్లాడి రావాలి. ఇచ్చిన ఆర్నెల్లకు మళ్లీ వెళ్లి, ఆ డబ్బు ఏమయిందో చూసి, వచ్చే ఏటి సంచికలో నాలుగు పంక్తులు రాయాలి. లూథరన్ గృహిణులకు ఓడలో వెళ్లే ఉత్తరమే ఆధారం. మనకు బస్సు ఉంది, సైకిలు ఉంది, జేబులో ఫోను ఉంది. అడగడానికి ఇబ్బంది ఏమిటి?